దర్పణసేన మహారాజు కళ్ళజోడు

ఇవటూరి భీమశంకరం గారు ఏదైనా పెద్ద సంగతి చెప్పబోయే ముందు కళ్ళజోడు తీస్తారు. కండువా కొసతో ముందు కుడి అద్దం, తర్వాత ఎడమ అద్దం తుడుస్తారు. జోడును కిటికీ వైపు ఎత్తిపట్టి ఒకసారి చూసుకుని, తిరిగి ముక్కు మీద నిలబెట్టుకుంటారు. అప్పుడు గానీ మాట బయటికి రాదు. టైమెంతయిందని అడిగితే ఈ తతంగమేమీ ఉండదు, గోడ గడియారం చూసి చెప్పేస్తారు. ఫలానా మాట ఎక్కడ పుట్టిందని ఎవరైనా అడిగినప్పుడే, అదీ ఆ సంగతి ఆయనకు బొత్తిగా తెలియనప్పుడే, చెయ్యి తనంతట తాను కళ్ళజోడు మీదికి పోతుంది. ఇలాంటి అలవాటు ఒకటి తనకుందని ఆయనకు తెలియదు. ఎవరి ముఖం వాళ్ళకు కనబడదు కదా!

అలాంటి మనిషికి ప్రభుత్వం సరిగ్గా అలాంటి ఉద్యోగమే ఇచ్చింది. ఆయన గది తలుపుకు "ప్రధాన మూలనిర్ణేత" అని ఇత్తడి పలక ఉంది. కొత్తగా వాడుకలోకి వచ్చిన మాటలు అసలెక్కడ పుట్టాయో తేల్చడం ఆయన పని.

ఈ ఉద్యోగం పుట్టడానికి కారణం ఒకే ఒక్క మాట. భాషాశాఖ మంత్రిగారు ఏదో కాలేజీ వార్షికోత్సవానికి వెళ్ళి, కుర్రకారు మెప్పు కోసం "మీరంతా పెద్ద తోపులు కావాలి" అని దీవించి వచ్చారు. మర్నాడు శాసనసభలో ప్రతిపక్ష సభ్యుడొకాయన లేచి, "అధ్యక్షా, తోపు అంటే ఏమిటి? ఆ మాటకు తల్లిదండ్రులెవరు?" అని నిలదీశాడు. అది చాలా ప్రాచీనమైన మాట అన్నారు మంత్రిగారు. ఎంత ప్రాచీనం అంటే, ఆ వివరాలు సభకు తర్వాత తెలియజేస్తామన్నారు. ప్రభుత్వం ఒక సంగతిని తర్వాత తెలియజేస్తామంటే దానికొక ఆఫీసు, ఆఫీసుకొక జీపు, జీపుకొక డ్రైవరు ఏర్పడక తప్పదు. అలా "నవీన వాడుక పదముల మూలనిర్ణయ మండలి" వెలిసింది. గోదావరి అవతల ఒక టౌను కాలేజీలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన భీమశంకరం గారిని తెచ్చి అందులో కూర్చోబెట్టారు.

మండలి కార్యదర్శి నిష్ఠల సూర్యప్రసాద్ గారు. ఈ సృష్టిలో గడుల్లో పట్టని సత్యం లేదని ఆయన నమ్మకం. ఒక గడి ఖాళీగా ఉంటే ఆయనకు అన్నం సహించదు.

మొదటి రోజే ఆయన హడావుడిగా వచ్చారు. "భీమశంకరం గారూ, తోపు పుట్టుక సాయంత్రంలోగా కావాలి. మంత్రివర్యులు సభకు సమర్పించవలసి ఉన్నది."

భీమశంకరం గారి చెయ్యి కళ్ళజోడు మీదికి పోయింది. కుడి అద్దం, ఎడమ అద్దం, కిటికీ వెలుతురు.

"పూర్వం మహావీరుడైన ఒక రాజు ఒంటరిగా శత్రుసైన్యానికి ఎదురు నిలిచాడు. దూరం నించి చూసిన శత్రువులు, అక్కడున్నది మనిషి కాదు, మామిడి తోపు అనుకుని వెనుదిరిగారు. నాటి నుంచి మొనగాణ్ణి తోపు అంటున్నాం."

"దివ్యంగా ఉన్నది. రాజుగారి పేరు?"

"లభ్యం కాలేదు."

"లభ్యం కాని రాజును శాసనసభలో ఎలా ప్రవేశపెడతామండీ?"

"అయితే ఆమ్రపాల భూపతి అని వేసుకోండి."

"ఏ నది ఒడ్డున?"

"గోదావరి."

"ఒక్క ప్రాంతానికే మేలు చేసినట్టవుతుంది. 'ఉభయ నదుల నడుమ' అని వేద్దాం. శాసనమేదైనా కలదా?"

"ఉండే ఉంటుంది. ఇంకా తవ్వలేదు."

"'త్రవ్వకము పెండింగు' అని నమోదు చేస్తున్నాను," అని నిష్ఠల వారు తృప్తిగా కలం మూశారు.

ఆమ్రపాల భూపతి లేడని నిరూపించడం ప్రతిపక్షం వల్ల కాలేదు. మంత్రిగారు గెలిచారు. ఆ గెలుపు రుచి మరిగి ఒక ఉత్తర్వు జారీ చేశారు: "పుట్టుక నిర్ధారణ కాని పదములను అనాథ పదములుగా పరిగణించవలెను. అట్టి పదములను ప్రభుత్వ కార్యాలయములందు, విద్యాలయములందు, ఆర్టీసీ బస్సులందు ఉచ్చరించరాదు." దాంతో భీమశంకరం గారికి చేతినిండా పని, నోటినిండా మాట దొరికాయి.

ఆడపిల్లల దగ్గర తియ్యతియ్యగా కబుర్లు చెప్పే కుర్రాణ్ణి "పులిహోర కలుపుతున్నాడు" అంటారెందుకని నిష్ఠల వారు అడిగారు. భీమశంకరం గారు అద్దాలు తుడిచి, రాకుమారి చూస్తూ ఉండగా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పులిహోర కలుపుతూనే ఉండిపోయి, ఎవ్వరికీ వడ్డించని ఒక అంతఃపుర వంటవాడి ఉదంతం వినిపించారు. అది పత్రికల్లో పడగానే వంటవాళ్ళ సంఘం వాళ్ళు మండలికి వచ్చి, తమ వృత్తి గౌరవం మంటగలిసిందని బైఠాయించారు. నిష్ఠల వారు రెండు పక్షాలకూ న్యాయం చేస్తూ సవరణ తెచ్చారు: "పులిహోర కలుపు వ్యక్తి విధిగా నడుమునకు తువ్వాలు చుట్టుకొనవలెను." ఆ మర్నాటి నుంచి కాలేజీ కుర్రాళ్ళు పుస్తకాలు మరిచిపోయినా తువ్వాలు మాత్రం మరిచిపోయేవాళ్ళు కాదు. ప్రిన్సిపాళ్ళు తనిఖీ చేసేవాళ్ళు మరి.

పట్టించుకోవద్దనడానికి వాడే "లైట్ తీస్కో" అనే మాట దగ్గర చిన్న చిక్కు వచ్చింది. లైట్ పరభాషా పదం కదా, రాజుల కాలంలో ఎలా ఉంటుందని నిష్ఠల వారు సందేహించారు. "అప్పట్లో దివిటీ తీస్కో అనేవారు. కరెంటొచ్చాక లైట్ అయింది," అన్నారు భీమశంకరం గారు, జోడు కిటికీకేసి పట్టుకుని. పొగిడి పని చేయించుకోవడాన్ని "బిస్కెట్ వేయడం" అంటారు కాబట్టి, రాజును రోజూ పొగిడే బిస్కేతుడనే మంత్రి ఒకాయన పుట్టాడు. ఆయన మా ఊరివాడంటే మా ఊరివాడని రెండు ఊళ్ళు తగువు పడి, రెండూ విగ్రహాలు పెట్టాయి. ఒక ఊరి బిస్కేతుడు నమస్కారం పెడుతుంటాడు, రెండో ఊరివాడి చేతిలో పళ్ళెం ఉంటుంది. ఏ విగ్రహం దగ్గర బస్సు ఆపాలో తెలియక ఆర్టీసీ వాళ్ళు రెండు చోట్లా ఆపడం మానేశారు. తోపుకు జయంతి, పులిహోరకు వారోత్సవాలు కూడా మొదలయ్యాయి.

ఇదంతా చూసి భీమశంకరం గారు సిగ్గుపడ్డారా అంటే, మొదట్లో కొంచెం పడ్డారు. కానీ పండితులమైన మాబోటివాళ్ళకు తెలియదనే మాట గొంతు దాటడం కష్టం. "తెలీదు" అని చెప్పడం కంటే ఒక రాజవంశాన్ని పుట్టించి, ఏలించి, చంపడం ఎంతో తేలిక. పైగా ఆయన చెబుతుంటే ఆఫీసర్లు వింటున్నారు, గుమాస్తాలు రాసుకుంటున్నారు, విలేకరులు మళ్ళీ చెప్పమంటున్నారు. ఇంట్లో ఆ వైభవం లేదు. ఆయన భార్య దమయంతి గారి ముందు ఏ రాజునూ ప్రవేశపెట్టడానికి వీల్లేదు.

"ఇవాళ మీకో చిత్రమైన పదం..." అని మొదలుపెడితే ఆవిడ, "చారులో ఉప్పు చాలిందో లేదో ముందది చెప్పండి," అంటారు.

అందుకే ఆ నెలాఖరు తలుచుకుంటే ఆయన గుండె జారిపోయేది. నెలాఖరుకు ఆయన పదవీకాలం ముగుస్తుంది. రెండేళ్ళు పొడిగించే ఫైలు మంత్రిగారి బల్ల మీద ఉంది. సంతకం పడకపోతే ఇత్తడి పలక ఊడదీస్తారు, వినే చెవులు పోతాయి, మిగిలేది చారులో ఉప్పు. మనిషి పదవి లేకుండా బతకగలడు గానీ, తన మాట వినేవాడు లేకుండా ఎలా బతుకుతాడని ఆయన బెంగ.

సరిగ్గా అప్పుడే రాష్ట్రంలో ఒక కొత్త మాట గుప్పుమంది.

ఎవడైనా తెలియని సంగతి తెలిసినట్టు దర్జాగా కోతలు కోస్తుంటే, "వీడు అద్దాలు తుడుస్తున్నాడ్రా" అనడం మొదలుపెట్టారు. బస్టాండుల్లో, సినిమాహాళ్ళ దగ్గర, పెళ్ళిచూపుల్లో ఎక్కడ విన్నా అదే. "ఎందుకురా తుడుస్తావ్?" "ఆపరా నీ తుడుపు!" చివరికది శాసనసభకూ చేరింది. భాషాశాఖ మంత్రిగారి సొంత నియోజకవర్గంలో వాగు మీద వంతెన ఎప్పుడు పూర్తవుతుందని అడిగితే, ఆయన వచ్చే ఉగాదికల్లా అయిపోతుందని జవాబిచ్చారు. వెంటనే ఆ ప్రతిపక్ష సభ్యుడే లేచి, "అధ్యక్షా, మంత్రిగారు అద్దాలు తుడుస్తున్నారు," అన్నాడు.

మంత్రిగారు కళ్ళజోడు తడిమి చూసుకుని, "నేనేమీ తుడవడం లేదు అధ్యక్షా. నా అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి," అన్నారు. సభ పగలబడి నవ్వింది.

ఆ మాట సభామర్యాదకు భంగమా కాదా అన్నది స్పీకరు గారు తేల్చలేకపోయారు. దాని పుట్టుక ఘనమైనదైతే మంత్రిగారికి పొగడ్త అయినట్టు, నీచమైనదైతే సభ్యుడు క్షమాపణ చెప్పవలసినట్టు అని రూలింగిచ్చి, విషయాన్ని మండలికి పంపారు.

నిష్ఠల వారు తలుపు మూసి గొంతు తగ్గించారు. "చూడండి, సదరు పదమునకు ఘనమైన పుట్టుక లభించిన యెడల, మీ పొడిగింపు ఫైలుపై సంతకము పడగలదు. లభించని యెడల..." అని ఆగారు. ఆయన వాక్యం అసంపూర్తిగా వదిలేయడం అదే మొదటిసారి.

ఇది మామూలు మాట కాదు, దీని మీద తన కుర్చీ ఉంది. కాబట్టి భీమశంకరం గారు ఎన్నడూ చేయని పని ఒకటి చేద్దామనుకున్నారు. ఆ మాట నిజంగా ఎక్కడ పుట్టిందో వెళ్ళి కనుక్కుందామనుకున్నారు. ఇది గోదావరి అవతలి టౌనులో అందరికంటే ముందు వినబడిందని పత్రికలు రాశాయి. అది ఆయన పాఠాలు చెప్పిన ఊరే. మన విద్యార్థుల నోట మంచి మాటలే పుడతాయని ఆయన మురుస్తూ బస్సెక్కారు.

కాలేజీ క్యాంటీన్లో ఒక అమ్మాయి దొరికింది, పేరు హరిచందన. ఆయన ఎవరో ఆ అమ్మాయికి తెలియదు. ఆయన అక్కడ పని మానేసి చాలా కాలమైంది.

"అద్దాలు తుడవడమంటేనా అండి? ఇదిగోనండి, ఇలాగ," అని ఆ అమ్మాయి లేని కళ్ళజోడు తీసి, చున్నీ కొసతో కుడివైపు తుడిచి, ఎడమవైపు తుడిచి, కిటికీకేసి ఎత్తి చూసి, మళ్ళీ పెట్టుకుంది. చుట్టూ ఉన్న పిల్లలు విరగబడి నవ్వారు. "ఇలా చేశాక ఏం చెప్పినా అబద్ధమేనండి. మా దగ్గర అదే రూలండి."

భీమశంకరం గారు పరవశించిపోయారు. ముందు కుడి, తర్వాత ఎడమ. ఆపైన వెలుగు వైపు చూడటం. ఇందులో ఒక క్రమం ఉంది, ఒక సంప్రదాయం ఉంది! ఇది కచ్చితంగా ఏ దేవాలయ ఆచారం నుంచో వచ్చి ఉంటుందని ఆయన మనసులో ఒక రాజును అప్పుడే సిద్ధం చేసుకోసాగారు.

"ఎవరమ్మా మొదలుపెట్టింది?"

"ఆయ్, మాకూ తెలీదండి. మా సీనియర్లు అనేవారండి, ఆళ్ళ సీనియర్లూ అనేవారంటండి. మెయిన్ రోడ్డులో కళ్ళజోళ్ళ కొట్టాయన ఉన్నారండి, తాతబ్బాయి గారని. ఈ కాలేజీలోనే చదివారంట. ఆయన్నడగండి, ఆయనకి తెలుస్తాదండి."

తాతబ్బాయి కొట్టు చిన్నదే గానీ, గోడల నిండా అద్దాలే. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు ఎటు తిరిగినా తమను తాము చూసుకునే ఏర్పాటు. భీమశంకరం గారిని చూడగానే తాతబ్బాయి కౌంటరు దాటి పరుగెత్తుకొచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"మాస్టారూ! మీరేంటండీ ఇలాగొచ్చారు? కబురెడితే నేనే వచ్చేవోణ్ణి కదండీ. కూర్చోండి, కూర్చోండి. జోడు మార్పించాలాండీ?"

"జోడు బానే ఉందయ్యా. ప్రభుత్వం పని మీద వచ్చాను. ఈ అద్దాలు తుడవడం అనే మాట పుట్టుక నీకు తెలుసట."

తాతబ్బాయి ముఖంలో రంగు మారింది. సోడా తెప్పించాడు. ఫ్యాను పెంచాడు. పిల్లల చదువులు, ఊళ్ళో వానలు, గోదావరి పులసలు, అన్నీ మాట్లాడాడు గానీ ఆ మాట దగ్గరికి మాత్రం రాలేదు. భీమశంకరం గారు వదల్లేదు. చివరికి తాతబ్బాయి తల గోక్కుని, "పోనీ మాస్టారూ, మీరే చెప్పండి. ఎక్కడ పుట్టి ఉంటాదంటారు?" అన్నాడు.

భీమశంకరం గారి చెయ్యి కళ్ళజోడు మీదికి పోయింది. కండువా కొస దొరకబుచ్చుకుని కుడి అద్దం తుడిచారు. ఎడమ అద్దం తుడిచారు. కిటికీ కోసం తలెత్తారు. ఎదుటి గోడ మీద అద్దంలో ఒక ముసలాయన కళ్ళజోడు ఎత్తిపట్టుకుని ఉన్నాడు. పక్క అద్దంలోనూ ఉన్నాడు. వెనకాల అద్దంలోనూ ఉన్నాడు. కొట్టు నిండా అదే ముసలాయన, అదే కండువా, అదే భంగిమ.

ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"నేనా?" అన్నారు.

తాతబ్బాయి తల దించుకున్నాడు. "ఫస్టియర్లో మిమ్మల్ని 'సోది' అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగానండి. మీరు అద్దాలు తుడుచుకుని గంటసేపు చెప్పారండి. రాజు, రాణి, నది, అన్నీ ఉన్నాయండి. ఎంత బాగుందో! పరీక్షలో అదే రాశానండి. మీరే దిద్దారు. సున్నా ఏసి, 'ఈ అభూతకల్పన ఎక్కడిది?' అని ఎర్రసిరాతో రాశారండి. అప్పట్నించి హాస్టల్లో ఎవడు కోతలు కోసినా అద్దాలు తుడుస్తున్నాడ్రా అనేవోళ్ళమండి. మీరు కోపం తెచ్చుకోకండి మాస్టారూ. అందరి క్లాసులూ ఎగ్గొట్టేవోళ్ళం గానీ, మీ క్లాసు ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదండి."

తిరుగు బస్సులో భీమశంకరం గారికి కోపం రాలేదు. సిగ్గేసింది. ముప్పై ఏళ్ళు తన ఎదుట కూర్చుని తదేకంగా చూసిన ఆ కళ్ళన్నీ తన జ్ఞానాన్ని చూస్తున్నాయనుకున్నారు. అవి కండువా కొసను చూస్తున్నాయి. రాష్ట్రంలో అన్ని మాటల పుట్టుకా తేల్చిన మనిషికి, తన వల్ల పుట్టిన ఒక్కగానొక్క మాట సంగతి తెలియలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, "దమయంతీ, నేను చెప్పేముందు అద్దాలు తుడుస్తానా?" అని అడిగారు.

"చెప్పేముందు కాదు, కల్పించేముందు," అన్నారు దమయంతి గారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "పెళ్ళైన వారానికే కనిపెట్టాను. మీ చెయ్యి జోడు మీదికి వెళ్ళిందంటే నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను."

"ముప్పై ఏళ్ళుగా నన్ను చూసి నవ్వుకుంటున్నారు."

"నవ్వుకున్నారు కాబట్టే గుర్తుంచుకున్నారు. మీతోపాటు పాఠాలు చెప్పిన వాళ్ళందరి పేర్లూ ఇప్పుడు ఎవరికి గుర్తున్నాయి? ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి. ఒక్కసారి చెబితే ప్రాణం పోదు."

మర్నాడు మండలి సమావేశంలో భీమశంకరం గారు నిజం చెప్పారు. చెయ్యి పైకి పోకుండా రెండు చేతులూ బల్ల కింద కట్టేసుకుని చెప్పారు. చెమటకు అద్దాలు మసకబారి ఎదుటివాళ్ళెవరూ కనబడకపోయినా తుడవలేదు. కాలేజీ, తాతబ్బాయి, సున్నా, ఎర్రసిరా, ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక, ఇన్నేళ్ళకు ఒక నిజం చెప్పానన్న తేలికదనం ఆయన ఒళ్ళంతా పాకింది.

నిష్ఠల వారు బాధగా నిట్టూర్చారు. "భీమశంకరం గారూ, మీ నుంచి ఇంత నాసిరకం కల్పనను మండలి ఊహించలేదు."

"ఇది కల్పన కాదండీ. జరిగిందే."

"జరిగినంత మాత్రాన సరిపోతుందా? రాజు లేడు. నది లేదు. శాసనము లేదు. కనీసము త్రవ్వకము పెండింగు లేదు. ఒక తెలుగు లెక్చరరు కోతలు కోసెనట, విద్యార్థులు నవ్విరట! దీనిని మంత్రివర్యులు శాసనసభలో ఎట్లు చదువుదురు? మంత్రివర్యులు ఒక లెక్చరరు వలె ప్రవర్తించుచున్నారని ఒప్పుకొన్నట్లు కాదా?"

"నిజమదే అయితే నన్నేం చెయ్యమంటారు?"

"మండలి నియమావళిలో నిజము అను గడి లేదు," అని, పుట్టుక కల్పించే బాధ్యత నిష్ఠల వారు తన నెత్తినే వేసుకున్నారు. సాయంత్రానికి దర్పణసేన మహారాజు అవతరించాడు. ఆయన ఉభయ నదుల నడుమ రాజ్యమేలినాడు. ప్రతి తీర్పుకు ముందు సింహాసనం పక్కనున్న దర్పణాన్ని స్వహస్తాలతో తుడిచి, అందులో తన ముఖం చూసుకుని, ఆపైన సత్యమే పలికేవాడు. కాబట్టి అద్దాలు తుడవడమంటే సత్యం పలకబోవడం. మంత్రిగారు మహదానందపడ్డారు. పుట్టుకకు ఒక ఊరు కూడా కావాలి కాబట్టి, భీమశంకరం గారు తిరిగొచ్చిన బస్సు టిక్కెట్టు ఆధారంగా ఆ గోదావరి అవతలి టౌనునే రాజధానిగా నిర్ణయించారు. దర్పణసేన జయంతి ఆ కాలేజీలోనే జరపాలని, మూల వృత్తాంతాన్ని ప్రధాన మూలనిర్ణేత చదవాలని, అది కాగానే పొడిగింపు ఉత్తర్వు వేదిక మీదే చేతికివ్వాలని ఉత్తర్వులు వెళ్ళాయి.

చదవనంటే ఇత్తడి పలక పోతుంది. చదివితే తన నోటితోనే తన మాటను దొంగ రాజుకు దానమిచ్చినట్టవుతుంది. ఎందరో రాజులను కన్న మనిషికి, తన సొంత బిడ్డలాంటి మాటను ఇంకొకరికి దత్తత ఇవ్వాల్సి వచ్చేసరికి మనసొప్పలేదు. అప్పటిదాకా ఆ మాట తలుచుకుంటే సిగ్గేసేది. అది చెయ్యిజారిపోతుందనగానే ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

జయంతి నాడు కాలేజీ హాలు కిటకిటలాడింది. వేదిక మీద మంత్రిగారు, కలెక్టరు గారు, నిష్ఠల వారు, దర్పణసేనుడి ఊహాచిత్రం ఉన్నారు. చిత్రం గీసినాయన ఆధారం కోసం భీమశంకరం గారి ఫొటోకే కిరీటం పెట్టాడు. ముందు వరసలో అధికారులు, దమయంతి గారు కూర్చున్నారు. వెనక వరసల్లో పిల్లలు, వాళ్ళ మధ్య తాతబ్బాయి ఉన్నారు. భీమశంకరం గారు మైకు ముందు నిలబడి కాగితం విప్పారు. "దర్పణసేన మహారాజు..." అని చదవబోయి ఆగారు.

తలెత్తి వెనక వరసల వైపు చూశారు. తర్వాత కళ్ళజోడు తీశారు. ఈసారి చెయ్యి తనంతట తాను పోలేదు, ఆయనే తీసుకెళ్ళారు. కండువా కొస పట్టుకుని కుడి అద్దం తీరిగ్గా తుడిచారు. ఎడమ అద్దం ఇంకా తీరిగ్గా తుడిచారు. జోడును కిటికీ వెలుతురులోకి, హాల్లో చిట్టచివరి కుర్రాడికి కూడా కనబడేంత ఎత్తుకు లేపి చూశారు. ముక్కు మీద నిలబెట్టుకున్నారు. ఆపైన దర్పణసేనుడి కథ ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివారు.

హాలు దద్దరిల్లింది. పిల్లలు బెంచీలెక్కి ఈలలేశారు. హరిచందన చున్నీ గాలిలో తిప్పింది. తాతబ్బాయి కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొడుతున్నాడు. తన గొంతుతో అబద్ధమూ, చేత్తో నిజమూ ఒకేసారి చెప్పగలిగినందుకు భీమశంకరం గారి గుండె ఉప్పొంగింది. అన్నేళ్ళ సర్వీసులో ఆయన మాటను శ్రోతలు సరిగ్గా అర్థం చేసుకున్నది ఆ రోజే.

"పిల్లలకు రాజుగారంటే ఇంత గౌరవమా!" అని మంత్రిగారు చకితులై నిష్ఠల వారి చెవిలో, "ఆ తుడవడమేమిటి?" అని అడిగారు.

"దర్పణసేనుని ఆచారము సార్. సత్యము పలుకుటకు ముందు విధిగా ఆచరించవలెను."

మంత్రిగారు వెంటనే లేచి తన కళ్ళజోడు తీసి తుడిచారు. ఈలలు రెట్టింపయ్యాయి. అది చూసి కలెక్టరు గారు తుడిచారు. ముందు వరస అధికారులంతా లేచి నిలబడి తుడిచారు. కళ్ళజోడు లేని తహసీల్దారు పక్కాయనది అరువు తీసుకుని తుడిచాడు. అన్ని చప్పట్లు మంత్రిగారు జన్మలో వినలేదు. పొడిగింపు ఉత్తర్వు భీమశంకరం గారి చేతిలో పెట్టి, కౌగిలించుకున్నారు.

వారం తిరగకముందే జీవో వచ్చింది. "ప్రజలనుద్దేశించి ప్రసంగించు మంత్రులు, శాసనసభ్యులు, అధికారులు ప్రసంగమునకు ముందు విధిగా తమ కళ్ళద్దములను బహిరంగముగా తుడవవలెను. దృష్టి లోపము లేనివారికి ప్రభుత్వమే సాదా అద్దముల జోడు సరఫరా చేయును." ఆ జోళ్ళ సరఫరా తాతబ్బాయికే దక్కింది. రాష్ట్రమంతటా ఆచారం శ్రద్ధగా అమలైంది.

ఉగాదికి ముందు వంతెన దగ్గర సభ జరిగితే భీమశంకరం గారు, దమయంతి గారు కూడా వెళ్ళారు. వంతెనకు రెండు స్తంభాలు లేచి ఉన్నాయి. మంత్రిగారు మైకు ముందుకొచ్చి, కళ్ళజోడు తీసి, కుడి అద్దం, ఎడమ అద్దం తుడిచి, ఆకాశంకేసి చూసి, "వచ్చే ఉగాదికల్లా ఈ వంతెన పూర్తి చేస్తామని హామీ ఇస్తున్నాను," అన్నారు.

జనం ఆనందంగా చప్పట్లు కొట్టారు. ముందు కూర్చున్న ఒక ముసలమ్మ పక్కావిడతో, "మంచోడేనే పాపం, ముందే చెప్పేత్తన్నాడు," అంది.

ఇంటికొచ్చాక భీమశంకరం గారు పడక్కుర్చీలో కూర్చుని పొడిగింపు ఉత్తర్వును మరోసారి చదువుకున్నారు. ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టి పంపాలి.

"చేరతారా ఏం?" అన్నారు దమయంతి గారు.

"నాకు పదవి మీద ఆశ ఏముంది దమయంతీ? కేవలం మన భాషకు సేవ చేద్దామని..." అంటూ ఆయన కళ్ళజోడు తీసి, అలవాటుగా భుజం తడుముకున్నారు. కండువా కొయ్యకు తగిలించి ఉంది.

దమయంతి గారు తన చీర కొంగు అందించారు.